పూర్ణమ్మ నోరు మూయదు

కొండవలస విమానాశ్రయం టవర్ నుంచి కంట్రోలర్ "ఆగు" అంది. రేడియోలో "స్స్" మని ఓ గరగర వచ్చి ఆ మాట ముందు కూర్చుంది. పైలట్ చెవిలో పడింది "సాగు". అతగాడు సాగాడు. సాగి, రన్‌వే పక్కన గడ్డి కోస్తున్న ట్రాక్టరును రెక్క కొసతో గోకాడు. ట్రాక్టరు డ్రైవరు దూకి బతికాడు. గడ్డిమోపు మాత్రం ఎవరి అనుమతీ లేకుండా టేకాఫ్ అయింది.

ప్రాంతీయ మార్గాల్లో టవరూ పైలట్లూ తెలుగులోనే మాట్లాడుకోవచ్చని చట్టం వచ్చిన కొత్త రోజులవి. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో పంచాయితీ నడిచింది.

"ఆగమన్నానయ్యా బాబూ!" అంది కంట్రోలర్ పైడితల్లి.

"సాగమన్నావు తల్లీ!" అన్నాడు పైలట్.

"నేనెందుకు సాగమంటాను? ఎదురుగా ట్రాక్టరుంటే సాగమనడానికి నాకేటి, నీ మీద పగా?"

పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న వేదుల కామేశం కప్పు కింద పెట్టాడు. విమానాశ్రయం గోడను ఆనుకుని ఉన్న రేడియో ప్రయోగశాలకు ఆయన పెద్ద. బుర్ర పెద్దది, నోరు ఇంకా పెద్దది. మైకు దొరికితే ఆయనకు మైకం. మైకు లేకపోయినా మైలు దూరం వినబడతాడు.

"గాలిలో చెప్పిన మాట గాలిమాట కాకూడదు!" అని బల్ల చరిచాడు. ముగ్గురి టీలు ఒలికాయి. ఆ ఒలికిన టీలోంచే పూరణి పుట్టింది.

కామేశం తాతగారు అవధాని. సభలో ఎవరైనా ఒక్క పాదం విసిరితే, మిగిలిన మూడు పాదాలూ అప్పటికప్పుడు పూరించి, పాదాలన్నీ ఒకే చెప్పుల జతలోవి అన్నట్టు నడిపించేవాడు. మనవడు ఆ విద్యను పెట్టెలో పెట్టాడు. టవర్లో ఒక పెట్టె, విమానంలో ఒక పెట్టె. వానకో మెరుపుకో మాట ముక్కలైతే, ముక్కల మధ్య ఖాళీని పెట్టె నింపుతుంది. ఎవరి గొంతు తెగిందో ఆ గొంతుతోనే నింపుతుంది. విమానం దారి దానికి తెలుసు, ఆ మనిషి మాట తీరు తెలుసు. తర్వాత ఏమంటారో అనక ముందే తెలుసు.

దానికి ఆయన పూరణి అని పేరు పెట్టాడు. ప్రయోగశాలలో అందరూ పూర్ణమ్మ అన్నారు. "పూర్ణం ఉంటేనే బూరె, లేకపోతే ఉత్త తోలు" అని ఆయన ఆ పేరును కూడా దీవించాడు.

*

ప్రయోగశాలలో గురువారం సాయంత్రాలు అతుకుల పందెం జరిగేది. పాత రేడియో సంభాషణలు తెచ్చి, మధ్య మధ్య మాటలు కోసేసి, పూర్ణమ్మ చేత పూరింపజేసి వినిపించేవారు. ఏది అసలు మాటో, ఏది అతుకో పట్టుకున్నవాళ్ళకి మిరపకాయ బజ్జీలు. మొదట్లో అందరూ తిన్నారు. పోనుపోను తినేవాళ్ళు తగ్గారు. ఒక గురువారం నాడు బజ్జీలన్నీ మిగిలిపోయాయి. కామేశం మిగిలిన బజ్జీల చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"ఒక్కడికీ దొరకలేదు! అతుకు లేని బతుకయ్యా ఇది!"

"టిక్కు తీసేశాం కాబట్టి దొరకలేదు సార్" అన్నాడు మస్తాన్‌వలి. ఆయన దగ్గర పనిచేసే ఇంజనీరు. చెవి పదును, నోరు పొదుపు. పూర్ణమ్మ సొంతంగా కలిపిన ప్రతి మాటకూ ముందు "టిక్" మని చిన్న చప్పుడు వచ్చేలా మొదట్లో అతనే పెట్టాడు.

"అవధాని ప్రతి పదం ముందూ చిటిక వేసి, ఇది నేను కలిపిందే బాబూ అని చెప్తాడా?"

"ఇది సభ కాదు కదా సార్, విమానం."

"విమానం ఎక్కినవాడికి అనుమానం ఉండకూడదయ్యా మస్తానూ!"

"మరి ముక్కలు కాకుండా మొత్తం పోతే? రేడియోయే చచ్చిపోతే? అది మనం ఒక్కసారి కూడా పరీక్షించలేదు."

"మొత్తం పోతే మొత్తం పూరిస్తుంది. సమస్య ఎంత పెద్దదైతే పూరణ అంత గొప్పది!"

అక్కడున్నవాళ్ళందరూ నవ్వారు. కామేశం మాటకు నవ్వడం ఆ ప్రయోగశాలలో ఉద్యోగధర్మం. పరీక్షించకపోవడానికి వాళ్ళకున్న కారణం మరీ చిన్నది. ముక్కలు కోస్తే, అసలు మాట పక్కన పెట్టుకుని సరిచూసుకోవచ్చు. మొత్తం పోతే సరిచూసుకోవడానికి ఏమీ ఉండదు. పందెంలో మార్కులు వెయ్యడానికి వీలు కానిదాన్ని వాళ్ళు పందెంలో పెట్టలేదు.

ఇంకో చిక్కు మిగిలింది. పైలట్ల మాటలు మరీ పొడిగా ఉంటాయి. వాటిని మాత్రమే నేర్చుకున్న పూర్ణమ్మ, రైల్వే స్టేషన్ ప్రకటనలా పలికేది. మాటకు కాస్త తడి రావాలని కామేశం తన ఇంట్లో భోజనాల బల్ల కింద కొన్ని నెలల పాటు రికార్డరు పెట్టాడు. పూర్ణమ్మను మోసుకెళ్ళబోయే మొదటి పైలట్ ఆయన కూతురే. ఇంట్లోవాళ్ళు ఎలా మాట్లాడతారో తెలిస్తే, కూతురు గొంతు మరింత సహజంగా వస్తుందని ఆయన లెక్క. బల్ల దగ్గర నూటికి తొంభై పాళ్ళు మాట్లాడేది తనే అన్న సంగతి ఆ లెక్కలో రాలేదు.

*

కూతురి పేరు తరళ. తపాలా విమానం నడుపుతుంది. ఒక్కతే వెళ్తుంది, ఉత్తరాలూ మందులూ దించి తిరిగి వస్తుంది. తండ్రి మాటలు దొర్లిస్తుంటే ఆమె అన్నం తిని లేస్తుంది. కామేశానికి జీవితంలో ఒకటే దిగులు. వేదులవారి రక్తం పంచుకు పుట్టి కూడా ఈ పిల్ల ఒక్క శ్లేషైనా వెయ్యదు.

"వంకాయలో వంక పెట్టకుండా తినవే" అన్నాడు ఆ రాత్రి భోజనం దగ్గర.

"టిక్కు ఎందుకు తీసేశావు నాన్నా?" అంది తరళ.

"ఎవరు చెప్పారు? ఆ మస్తానుగాడా? వాడికి టిక్కు తీస్తే తిక్క పుడుతుంది."

"నాకు కావాలది. అది పైడక్క మాటో, పెట్టె మాటో నాకు తెలియాలి."

"తెలిస్తే ఏం చేస్తావు?"

తరళ చేతిలో ముద్ద అలాగే ఉంచింది. "మబ్బుల్లో దూరాక నాకేమీ కనబడదు. ముందున్న మీటర్ల ముళ్ళను చూసుకుని ఎగరాలి, టవర్ మాట విని ఎగరాలి. ఆ మాట ఆగిపోయిందనుకో. నేను కంగారు పడను. బయల్దేరే ముందు నా దారేదో, ఏ ఎత్తుకి ఎప్పుడెక్కాలో రాసి ఉంటుంది. నేను అదే దారిలో వెళ్తాను. టేకాఫ్ అయిన పది నిమిషాలకి, ముందనుకున్న ఎత్తుకి ఎక్కుతాను. నేను అలాగే చేస్తానని పైడక్కకి తెలుసు. నా దగ్గర్నుంచి చప్పుడు ఆగిన మరుక్షణం, ఆ దారిలో ఉన్నవాళ్ళందర్నీ తప్పించేస్తుంది. ఇద్దరం మాట్లాడుకోం. అయినా ఒకరేం చేస్తున్నారో ఒకరికి తెలుసు. చప్పుడు లేకపోవడమే మాకు కబురు నాన్నా."

"మా పూర్ణమ్మ ఉండగా మీకు చప్పుడు లేకపోవడమనే చిక్కే రాదు!"

"అదే నా భయం."

"దానికి పలుకుంది, నీకు ఉలుకు. టిక్కూ పెట్టను, నీ దగ్గర ఆపే మీటా పెట్టను. మీట ఉంటే నీ అనుమానం దాని మీదే వేలు పెడుతుంది."

భ్రమర కూతురి కంచంలో మజ్జిగ పోస్తూ అంది, "అడుగుతోంది కదండీ. చిన్న చప్పుడే కదా, పెట్టకూడదూ?"

"పెట్టాననుకో, అవార్డు కమిటీ ముందు గురువారం పరీక్ష ఉంది. టిక్కు టిక్కుమంటుంటే వాళ్ళు నా కృషిని వినరు, గడియారం అనుకుంటారు."

ఈసారి తనకు తనే నవ్వుకున్నాడు. తరళ చేయి కడుక్కుని లేచింది.

*

అవార్డు వచ్చింది. పూర్ణమ్మ తపాలా విమానం ఎక్కింది. వానాకాలంలో ఒక మధ్యాహ్నం కామేశం, మస్తాన్‌వలి టవర్‌కు వెళ్ళారు. కామేశం చేతిలో భ్రమర వండిన పూర్ణాల డబ్బా. "పూర్ణమ్మకు పూర్ణకుంభం బదులు పూర్ణాలు" అన్నాడు మెట్లెక్కుతూనే. పైడితల్లికి మూడు రోజులుగా జలుబు, గొంతు బొంగురుపోయి గీరుకుపోయింది. అయినా నవ్వి ఒక పూర్ణం తీసుకుంది.

"ఏటి సార్, కూతుర్ని చూడ్డానికొచ్చారా, పెట్టెను చూడ్డానికా?"

"ఇద్దరూ నా సంతానమే. ఒకతి మాట్లాడదు, ఒకతి మానదు."

రన్‌వే చివర తపాలా విమానం నిలబడి ఉంది. పైడితల్లి మైకు నొక్కింది. "తపాలా ఏడు, సముద్రం దారి. ముందు నాలుగు వేల అడుగులు. పది నిమిషాలకి తొమ్మిది వేలు అనుకో."

"నాలుగు వేలు, పది నిమిషాలకి తొమ్మిది. గొంతుకి మిరియాల పాలు తాగు పైడక్కా" అంది తరళ.

విమానం లేచింది, మబ్బులో దూరింది. మబ్బు లోపల ఒకచోట తెల్లగా మెరిసింది. రేడియోలో ఒక్క క్షణం పటపటమంది. వెంటనే తరళ గొంతు హాయిగా, గిన్నె కడిగినంత శుభ్రంగా పలికింది. "తపాలా ఏడు, నాలుగు వేలు, అంతా సవ్యం."

"విన్నావా మస్తానూ? మెరుపు మెరిసినా మాట మెరుగే!" అన్నాడు కామేశం.

పైడితల్లి తెర మీద ఇంకో చుక్కను చూస్తోంది. సముద్రం వైపు నుంచి సరుకు విమానం దిగుతోంది. దాన్ని నడిపే మనిషి ఉండడు. టవర్ మీట నొక్కి చెప్పిందే దానికి వేదం. "తపాలా ఏడు, పైన సరుకు బండి దిగుతోంది. నేను చెప్పేదాకా నాలుగు వేలలోనే ఉండు. ఎక్కకు."

"నాలుగు వేలలోనే ఉంటాను, ఎక్కను" అంది తరళ గొంతు.

పైడితల్లి సరుకు విమానాన్ని కిందికి రమ్మంది.

కాసేపటికి తెర మీద తపాలా ఏడు పక్కన అంకెలు మారాయి. ఏడు, ఆరు, సున్నా, సున్నా. ఆ అంకెలకు టవర్లో ఒకటే అర్థం. నా రేడియో పోయింది. పైడితల్లి వీపు నిటారైంది. ఒక చేయి సరుకు విమానం మీట మీదికి వెళ్ళింది. దాన్ని దారి తప్పించాలి. ఇంకో చేత్తో మైకు నొక్కింది.

"తరళా, రేడియో పోయిందేటి?"

"లేదక్కా, చక్కగా వినిపిస్తోంది. పొరపాటున వేలు తగిలింది. తగిలిన వేలు ఒకటే, మనిషి చేసే పొరపాట్లు వేలు!"

 కామేశం నవ్వు టవర్ అద్దాలను తాకింది.

"విన్నారా? విన్నారా? వేలు! నా కూతురయ్యా! ఇరవై తొమ్మిదేళ్ళకి శ్లేష వేసింది!"

"సార్, ఆగండి" అంది పైడితల్లి. చేయి ఇంకా మీట మీదే ఉంది. "ఈ కోడు ఊరికే రాదు. బండిని పక్కకి తీసేస్తాను."

"ఎందుకమ్మా? మనిషి నవ్వుతూ మాట్లాడుతుంటే రేడియో పోవడమేమిటి? నా కూతురి మాట నేను పోల్చుకోలేనా? చెయ్యి తియ్యి, పూర్ణం తిను." కామేశం కళ్ళు తడిశాయి. జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు.

మస్తాన్‌వలి ఏదో అనబోయాడు. కామేశం అతని నోట్లో పూర్ణం పెట్టాడు.

పైడితల్లి చేయి తీసింది.

తెర మీద తపాలా ఏడు ఎత్తు మారడం మొదలైంది. అయిదు వేలు. అయిదున్నర.

"తరళా, ఎక్కుతున్నావేటి?"

"లేదక్కా, నాలుగు వేలలోనే ఉన్నాను."

"నాకు ఆరు చూపిస్తోంది!"

"నాలుగు వేలు, అంతా సవ్యం."

పైడితల్లి సరుకు విమానం మీటను అరచేత్తో గుద్దింది. రెండు చుక్కలూ ఒకటయ్యాయి. తెర మీద గీత మళ్ళీ తిరిగి వచ్చేసరికి ఆ ఒక్కటి కూడా లేదు.

"తరళా! తపాలా ఏడు! తరళా!"

"వినిపిస్తోంది అక్కా" అంది తరళ గొంతు, హాయిగా. "నాలుగు వేలు. అంతా సవ్యం. వాతావరణం బాగుంది."

పైడితల్లి గుండెలు బాదుకుంటూ పిలుస్తూనే ఉంది. పిలిచిన ప్రతిసారీ తరళ పలికింది. మూడోసారి పలికినప్పుడు మస్తాన్‌వలి బల్ల కిందకు దూరి తీగ పీకేశాడు.

*

విచారణ విమానాశ్రయం సమావేశ మందిరంలో జరిగింది. టవర్ వాళ్ళు, ప్రయోగశాల వాళ్ళు, తపాలా వాళ్ళు, ఇంటివాళ్ళు అందరూ వచ్చారు. సముద్రంలోంచి జాలర్లు తెచ్చిచ్చిన విమానం రికార్డరు పలికింది. అధికారి జోగారావు అనే పెద్దాయన. కామేశం వైపు చూడకుండా, అందరికీ తెలిసేలా నిదానంగా చెప్పాడు.

"మెరుపు తగిలి విమానంలో మాటలు మోసే యాంటెన్నా మాడిపోయింది, కోడు పంపేది వేరు కాబట్టి అది మిగిలింది. ఆ క్షణం నుంచి టవర్ మాట విమానానికి చేరలేదు, విమానం మాట టవర్‌కు చేరలేదు. ఇక్కడున్న పెట్టె తరళగారి గొంతుతో పైడితల్లిగారితో మాట్లాడింది. అక్కడున్న పెట్టె పైడితల్లిగారి గొంతుతో తరళగారితో మాట్లాడింది. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఇప్పుడు విమానంలో వినబడింది వినండి."

మొదట పైడితల్లి గొంతు వచ్చింది, జలుబు లేకుండా. "తపాలా ఏడు, అంతా సవ్యం. సాగండి."

"పైడక్కా, నీ గొంతు ఇంతలోనే ఎలా బాగైంది?" ఇది తరళ.

"బాగానే ఉంది. మీరెలా ఉన్నారు?"

కొంచెం ఆగి తరళ అంది, "నువ్వు పైడక్కవే అయితే ఒక్క నిమిషం మాట్లాడకు."

"అలాగే, మాట్లాడను."

కాసేపు ఇంజను చప్పుడే వచ్చింది.

"మాట్లాడటం లేదు, తపాలా ఏడు" అంది పెట్టె. "ఇంకా మాట్లాడటం లేదు."

మందిరంలో వెనక వరసలో ఎవరో పకాలుమని నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. కామేశం తిరిగి చూడలేదు.

జోగారావు రికార్డరు ఆపాడు. "ఆవిడకి తెలిసిపోయింది. కోడు మార్చింది. నియమం ఏం చెప్తుందో అది చేసింది. దారి తప్పలేదు. పది నిమిషాలు కాగానే ఎక్కడం మొదలుపెట్టింది. టవర్ తనకి దారి ఖాళీ చేసి ఉంచుతుందని ఆవిడ నమ్మకం. టవర్ చెయ్యబోయింది కూడా." ఆయన కాగితం తిప్పాడు. "ఇక్కడి పెట్టె అప్పుడు వేసిన హాస్యం, వేలు అనే మాట మీద, ఎక్కడిదో వెతికించాం. కామేశంగారి భోజనాల బల్ల రికార్డుల్లో ఉంది. కామేశంగారి గొంతుతోనే. నాలుగు సార్లు."

పైడితల్లి ఏడుస్తూ లేచి నిలబడింది. "నేను చెయ్యి పెట్టాను సార్. మీట మీద పెట్టాను. తీసెయ్యమన్నారు." మళ్ళీ కూర్చుంది.

"చివరి భాగం ఉంది" అన్నాడు జోగారావు. "వినిపించమంటే వినిపిస్తాం. చదవమంటే చదువుతారు."

"చదవండి" అంది భ్రమర.

గుమాస్తా లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "ఎదురుగా విమానం ఉందని హెచ్చరిక గంట. తర్వాత తరళగారు, 'నాన్నా'. తర్వాత పెట్టె, 'అంతా సవ్యం'. తరళగారు, 'కుడికి తిప్పాను, కానీ'. పెట్టె, 'సాగండి'. తరళగారు, 'అమ్మకి'. పెట్టె, 'తపాలా ఏడు, వాతావరణం బాగుంది'. తరళగారు, 'అని చెప్పు'. అంతే."

"అమ్మకి ఏం చెప్పమంది?" అంది భ్రమర.

"వినబడదమ్మా. పెట్టె గొంతు కింద పడిపోయింది. పాతరకం రికార్డరు, రెండు గొంతులూ విడదియ్యడానికి రావడం లేదు."

భ్రమర మస్తాన్‌వలి వైపు తిరిగింది. "పోయిన మాట నింపే పెట్టె మీ దగ్గర ఇంకొకటి ఉందిగా బాబూ?"

మస్తాన్‌వలి తల దించుకున్నాడు. "ఉందమ్మా. అడిగితే చెప్తుంది. కానీ అది తరళగారన్న మాట అవ్వదు."

"సరే, పెట్టె వద్దు." ఆమె మొగుడి ముందుకు వచ్చి నిలబడింది. "మీరు చెప్పండి. కన్నారు, పెంచారు, ఇరవై తొమ్మిదేళ్ళు పక్కన కూర్చుని అన్నం తిన్నారు. అక్కడ ఏమనుంటుంది?"

కామేశం పెదవులు కదిలాయి. మందిరమంతా ఆయన నోటి వైపే చూసింది.

"నాకు తెలీదు భ్రమరా" అన్నాడు. "దాని మాట ఏదో నాకు తెలిసుంటే ఆ రోజు నవ్వేవాణ్ణి కాదు."

గుమాస్తా అది కూడా రాసుకున్నాడు.